పేషెంట్ మొహం చూడకపోతే డాక్టరు కాదా?

ఒక అమ్మగారు రాశారు: "మా పెద్దమ్మాయి మెడిసిన్ ఆఖరి ఏడాదిలో ఉంది. పాథాలజీలోనే స్పెషలైజేషన్ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. పేషెంట్ మొహం చూడని డాక్టరేం డాక్టరని ఇంట్లో రోజూ గొడవ. పైగా ఇప్పుడన్నీ మెషీన్లే చేసేస్తున్నాయట కదా. చిన్నవాడేమో ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీలో చేరతానంటున్నాడు. రెండూ ఒకటేగా, ఒకే పనికి ఇంట్లో ఇద్దరెందుకు?"

ముందు చిన్నవాడి సంగతి చెప్పేస్తానమ్మా. రెండూ ఒకటి కాదు. ల్యాబ్ టెక్నాలజిస్టు శాంపిల్ నుంచి నమ్మదగ్గ ఫలితం రాబడతారు. పాథాలజిస్టు మెడిసిన్ చదివి, ఆపైన కొన్నేళ్లు శిక్షణ పొంది, ఆ ఫలితానికి అర్థం చెప్పి కింద సంతకం పెట్టే డాక్టరు. టెక్నాలజీ డిగ్రీ చేస్తే నెమ్మదిగా పాథాలజిస్టు అయిపోవచ్చని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి, మెడిసిన్ చదవకుండా ఆ దారి లేదు.

అలాగని వాడిది బటన్లు నొక్కే పని అనుకునేరు. ఒక శాంపిల్‌లో పొటాషియం ప్రాణం మీదికొచ్చేంత ఎక్కువ, కాల్షియం నమ్మలేనంత తక్కువ వచ్చిందనుకోండి. రక్తమిచ్చిన మనిషేమో హాయిగా నడుచుకుంటూ వచ్చి వెళ్లాడు. పని తెలిసినవాళ్లకి వెంటనే అనుమానం తగులుతుంది: ఊదారంగు మూత ట్యూబులోకి తీసిన రక్తాన్ని ఎవరో, ఇందులో చాల్లేదని, పక్క ట్యూబులోకి ఒంపేశారు. రక్తం గడ్డకట్టకుండా ఆ ఊదా మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ మామూలుగా పొటాషియం లవణం, పైగా అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మెషీన్ సరిగ్గానే కొలిచింది, దాని నోట్లో పోసిన రక్తమే తప్పు. ఆ రిపోర్టు ఆపి, మళ్లీ శాంపిల్ తీయండని ఫోన్ చేసినవాడు లేని జబ్బుకి వైద్యం జరగకుండా ఆపాడన్నమాట. ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా శాంపిల్ మెషీన్‌లోకి వెళ్లకముందే జరుగుతాయి. చిన్నవాడికి ఇలాంటి ఆరా తీసే బుద్ధి ఉంటే నిశ్చింతగా చేర్చండి.

ఇక పెద్దమ్మాయి. పేషెంట్‌ని చూడదన్న మాట సగమే నిజం, ఎందుకంటే సూదితో గడ్డలోంచి కణాలు లాగే పరీక్ష, ఎముక మజ్జ తీయడం చాలాచోట్ల పాథాలజిస్టులే చేస్తారు. పోనీ అసలు చూడదనే అనుకుందాం. ఆపరేషన్ మధ్యలో, పేషెంట్ ఇంకా మత్తులో ఉండగానే, సర్జన్ ఒక ముక్క కోసి ల్యాబ్‌కి పంపిస్తారు. దాన్ని చల్లదనంతో మంచులా గడ్డకట్టించి, పల్చని పొరగా కోసి, రంగు వేసి, ఓ 20 నిమిషాల్లో చెప్పాలి, ఇది క్యాన్సరా కాదా, అంచులో ఇంకేమైనా మిగిలిందా అని. ఇంకా కోయాలో, కుట్లు వేసేయాలో సర్జన్ తేల్చుకునేది ఆ మాట విన్నాకే. ఆ పేషెంట్‌కి ఈ డాక్టరు పేరు కూడా తెలీదు, అది వేరే సంగతి.

కడుపులో అల్సర్లకి టెన్షనూ ఆమ్లమే కారణమని డాక్టర్లంతా నమ్మిన రోజుల్లో, 1979లో, ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపులోంచి పరీక్షకి తీసిన బయాప్సీ ముక్కల్లో వంకర బ్యాక్టీరియా చూశాడు. అంత ఆమ్లంలో ఏదీ బతకదులే అని వదిలేయలేదు. తర్వాత బ్యారీ మార్షల్ అనే డాక్టరుతో కలిసి దాని వెంటపడ్డాడు, అల్సర్లకి ఆ బ్యాక్టీరియానే ముఖ్య కారణమని తేల్చినందుకు 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ అమ్మాయికి నోబెల్ వస్తుందని కాదు నేననేది, మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి కూడా వైద్యమే చేస్తున్నట్టని.

మెషీన్ల భయం కొత్తదేం కాదమ్మా. రక్తకణాలను యంత్రంతో లెక్కపెట్టే పద్ధతికి కౌల్టర్ అనే ఆయన పేటెంట్ తెచ్చుకుని (1953) 70 ఏళ్లు దాటింది. ఇప్పటికీ మెషీన్ ప్లేట్‌లెట్లు బాగా తక్కువని చూపిస్తే స్లైడ్ వేసి కంటితో చూస్తారు, ఎందుకంటే కొందరి రక్తంలో అదే ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు గుంపులు కట్టేస్తాయి, మెషీన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా గుర్తించలేక తగ్గాయంటుంది. స్లైడ్లను స్కాన్ చేసి కంప్యూటర్‌లో చూడటం, ఏఐ అనుమానపు చోట్లు చూపించడం వచ్చేశాయి, ఇంకా పెరుగుతాయి కూడా. లెక్కపెట్టే పని పోతుంది, సంతకం పెట్టే బాధ్యత ఇప్పట్లో పోదని నా అభిప్రాయం. మీ అమ్మాయి మాత్రం ఆ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోను అంటే కుదరదు.

నాకు టెన్షన్ ఉన్నది ఇంకోచోట. పేషెంట్లు వచ్చి చేతులు పట్టుకుని థ్యాంక్స్ చెబితేనే తృప్తి అనుకునే పిల్ల అయితే ఇక్కడ నాలుగేళ్లకే ఎండిపోతుంది. మెడనొప్పి, కళ్ల అలసట మామూలే. 40 స్లైడ్లు మామూలుగా ఉన్నాక 41వది కూడా అంతే శ్రద్ధగా చూడాలి, అక్కడ శ్రద్ధ సడలడమే మైక్రోస్కోప్ కింద కనిపించని తప్పు. "దీన్నిబట్టి తేల్చలేను, ఇంకో ముక్క పంపండి" అని సీనియర్ సర్జన్‌కి చెప్పే ధైర్యం కూడా కావాలి. తెలివైన పిల్లలే ఇక్కడ తడబడి, తెలీదనడానికి సిగ్గుపడి ఏదో ఒకటి రాసేస్తారు.

కాబట్టి వాదనలు ఆపి ఒక పని చేయించండి. రెండు వారాలు ఏదైనా పెద్దాసుపత్రి పాథాలజీ విభాగంలో కూర్చోమనండి. రిపోర్టింగ్ గదిలో ఏసీలో మైక్రోస్కోప్ చూసి మురిసిపోవడం కాదు, గ్రాసింగ్ బల్ల దగ్గర నిలబడాలి. అంటే ఆపరేషన్‌లో తీసిన అవయవాన్ని కొలిచి, కోసి, ఏ ముక్క పరీక్షకి పోవాలో ఎంచుకునే చోటు. ఆ ముక్కలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండుతాయి. అది దాటి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముక్క చివరికి ఏమని తేలిందో తెలుసుకోవాలని తహతహలాడితే, ఇక మీరు అడ్డు చెప్పినా లాభం లేదు. వెళ్లేటప్పుడు కొత్త బట్టలు మాత్రం వేసుకోవద్దనండి, అక్కడి రంగులు పడ్డాయంటే ఓ పట్టాన వదలవు.