అన్నమయ్య పాటకి ఓనరెవరు? అంబేడ్కర్ పుస్తకానికి అనుమతి ఎవరివ్వాలి?

పోయిన సంచికలో ఒకరికి జవాబిస్తూ "రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే ఆ రచన పబ్లిక్ డొమైన్‌లోకి వస్తుంది, ఎవరైనా అచ్చేసుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్ని థాంక్స్ చెప్పాయి, కొన్ని తిట్టాయి, ఒకటైతే మమ్మల్ని దేశద్రోహులనీ ధర్మద్రోహులనీ ఒకే పేరాలో అనేసింది. పనికొచ్చే ప్రశ్నలున్నవి ఏరి జవాబిస్తున్నాం.

ప్ర: ఏప్రిల్ 14కి అంబేడ్కర్ 'కుల నిర్మూలన' తెలుగులో రెండు వేల కాపీలు వేసి ఊరంతా ఉచితంగా పంచాలని మా సంఘం అనుకుంది. వారసుల అనుమతి లేకుండా వేస్తే కేసు పెడతానని ఒకాయన బెదిరిస్తున్నాడు. ఇంకొకాయన, అనుమతి సంగతి నేను చూసుకుంటాను గానీ ముందుమాట మా నాయకుడిదే ఉండాలి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– యువజన సంఘం సభ్యుడు, బాపట్ల

జ: ఇద్దరికీ ఓ దండం పెట్టి ప్రెస్‌కి వెళ్లండి. అంబేడ్కర్ 1956 డిసెంబర్ 6న పోయారు. మన కాపీరైట్ చట్టంలో లెక్క ఆ తర్వాతి జనవరి 1 నుంచి మొదలై 60 ఏళ్లు నడుస్తుంది, అంటే 2016 ఆఖరుతో అయిపోయింది. 'కుల నిర్మూలన' ఆయన బతికుండగా 1936లో అచ్చయిన పుస్తకం కాబట్టి 2017 జనవరి 1 నుంచి ఇంగ్లిషు మూలానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు మెలిక మీరు అడగని చోట ఉంది. మీరు వేసేది తెలుగు అనువాదం కదా, అది ఎవరు చేశారు? అనువాదానికి విడిగా కాపీరైట్ ఉంటుంది, అనువాదకుడు పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తుంది. మార్కెట్లో దొరికే పుస్తకాన్ని స్కాన్ చేసి వేసేస్తే, అంబేడ్కర్ వారసులు కాదు, ఆ అనువాదకుడో ప్రచురణకర్తో మీ మీదికి వస్తారు, రావడం న్యాయం కూడా. వాళ్లకి ఒక ఉత్తరం రాయండి, ఉచితంగా పంచే పుస్తకమంటే చాలామంది కాదనరు. లేదంటే మీ ఊళ్లో ఇంగ్లిషు బాగా వచ్చిన టీచర్లు ఇద్దరు కూర్చుంటే కొత్త అనువాదమే వస్తుంది. పెద్ద పుస్తకమేం కాదు.

రెండో మెలిక అంబేడ్కర్ రచనలన్నిటికీ ఇదే లెక్క కాదన్నది. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి 60 ఏళ్లూ అచ్చయిన సంవత్సరం నుంచి లెక్కపెడతారు. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'ని మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో ఆయన రచనల సంపుటాల్లో మొదటిసారి అచ్చేసింది, అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయింది. ఆ లెక్కన దానికి 2047 ఆఖరు దాకా కాపీరైట్ ఉన్నట్టే. "అంబేడ్కర్‌వి అన్నీ ఫ్రీ" అని దాన్నీ కలిపేయకండి.

ముందుమాట సంగతి. చట్టం మీకు అడ్డం రాదు, నాయకుడి ముందుమాట వేసుకోవచ్చు, ఫొటో కూడా వేసుకోవచ్చు. కానీ ఆ పుస్తకం పుట్టిందే ఎలాగో గుర్తు చేసుకోండి. లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అనే సంఘం ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగం ముందే చదివి కొన్ని మాటలు తీసేయమంది, ఆయన కామా కూడా మార్చనన్నారు, సభే రద్దయింది. ఆ ప్రసంగాన్నే సొంత డబ్బుతో 1,500 కాపీలు వేసుకుంటే రెండు నెలల్లో అమ్ముడుపోయాయి. అలాంటి పుస్తకానికి గేటు దగ్గర ఒక నాయకుణ్ణి నిలబెట్టడం మీ ఇష్టం, మాకైతే నచ్చలేదు. ఇంకో ముచ్చట: అప్పట్లో గాంధీ 'హరిజన్'లో దీన్ని సమీక్షిస్తూ ఎనిమిదణాల ధర ఎక్కువ, రెండణాలో కనీసం నాలుగణాలో పెట్టాల్సింది అన్నారు. ఆ సమీక్షా, దానికి అంబేడ్కర్ ఇచ్చిన జవాబూ కలిపే 1937లో రెండో ముద్రణ వచ్చింది. గాంధీ రచనలు 2009 నుంచే అందరివీ. రెండూ కలిపి వేయండి, చదివేవాళ్లే తేల్చుకుంటారు.

ప్ర: మా భజన మండలి ఆడవాళ్లం శనివారాలు అన్నమయ్య కీర్తనలు పాడి యూట్యూబ్‌లో పెడుతున్నాం. ఒక పాటకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఐదొందల ఏళ్ల కిందటి పాటకి కాపీరైట్ ఏంటండీ? దేవుడి పాట కూడా కంపెనీలదేనా?
– గృహిణి, నంద్యాల

జ: అమ్మా, మీ కోపం సగం కరెక్టు. అన్నమయ్య 1503లో పరమపదించారు, ఆయన సాహిత్యం మీద తిరుమల దేవస్థానానికి గానీ, ఏ కంపెనీకి గానీ, ఆయన వంశం వాళ్లకి గానీ కాపీరైట్ లేదు. మిగతా సగమే గొడవ. గుడిలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనలూ, రాగాల పేర్లూ ఉన్నాయి, స్వరాలు లేవు. మనం ఇవాళ పాడుకునే వరుసల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టినవి ఉన్నాయి, ఆయన 1979లో పోయారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు కట్టినవి వందల్లో ఉన్నాయి, ఆయన 2025లోనే వెళ్లిపోయారు. సాహిత్యం అన్నమయ్యది, వరుస మాత్రం నిన్నమొన్నటి మనిషి కష్టం, దానికి ఆ మనిషి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లూ రక్షణ ఉంటుంది. రికార్డింగ్ మూడోది, దానికి విడుదలైన ఏడాది నుంచి 60.

కాబట్టి ముందు క్లెయిమ్ దేని మీదో చూడండి. వెనక ఎవరిదో ట్రాక్ పెట్టుకుని పాడితే క్లెయిమ్ సరైనదే. మీ హార్మోనియం, మీ గొంతు, మీ అమ్మమ్మ నేర్పిన వరుస అయితే ఆ మాటే డిస్ప్యూట్‌లో రాయండి. యూట్యూబ్ యంత్రం రెండు పాటలు ఒకేలా వినిపించాయని పట్టుకుంటుంది, అన్నమయ్య ఏ శతాబ్దం వాడో దానికి తెలీదు.

ఇంటర్నెట్ గొడవ పక్కన పెడితే, గుళ్లో ఉత్సవానికో, ఇంట్లో పూజకో, పెళ్లి ఊరేగింపుకో పాడినా, పాటలు పెట్టినా కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టంలో 52వ సెక్షన్‌లోనే ఉంది. వీడియో తీసి నెట్‌లో పెట్టడం మాత్రం దాని కిందికి రాదు. ఇంకొకటి, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు వచ్చింది 1963లో, మన దేశంలో ఆ రికార్డింగ్ గడువు 2023తో తీరింది. అమెరికా చట్టంలో మాత్రం అప్పటి రికార్డులకి 2067 దాకా రక్షణ. యూట్యూబ్ అమెరికా కంపెనీ. అర్థమైంది కదా టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో.

ప్ర: పబ్లిక్ డొమైన్ అనే ఈ పాశ్చాత్య పద్ధతి వల్లే మన గ్రంథాలకి ఈ గతి. ఎవడు పడితే వాడు రామాయణానికి వంకర అర్థాలు రాస్తున్నాడు. గీతకీ రామాయణానికీ శాశ్వత కాపీరైట్ ఇచ్చి పీఠాధిపతుల కమిటీకి అప్పగించాలి. మీరు దీన్ని ప్రచురించే ధైర్యం చేయరని తెలుసు.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తణుకు

జ: చేశాం మాస్టారూ. ఇప్పుడు మీరు మా మాట వినాలి.

ఆ కమిటీ ఐదారు వందల ఏళ్ల కిందట ఉండుంటే ఆతుకూరి మొల్ల అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. కుమ్మరి కులంలో పుట్టిన ఆడమనిషికి సంస్కృత రామాయణాన్ని తెలుగు చేయడానికి ఏ కమిటీ అనుమతి ఇస్తుంది? మీరు పిల్లలకి పాఠంగా చెప్పే ఉంటారు ఆ పద్యాలు. వాల్మీకి కథ ఎవరి సొత్తూ కాకపోబట్టే మొల్ల రామాయణం ఉంది, రంగనాథ రామాయణం ఉంది, మీకు నచ్చని వ్యాఖ్యానాలూ ఉన్నాయి. ఇది పడమటి నుంచి వచ్చిందంటారా, పడమటి వాళ్లే ఇంగ్లండులో కింగ్ జేమ్స్ బైబిల్ అచ్చు హక్కుని ఇప్పటికీ రాచరికం చేతిలో ఉంచుకున్నారు. మీరు అడిగేది వాళ్ల పద్ధతే!

2023లో ఢిల్లీ హైకోర్టు భక్తివేదాంత బుక్ ట్రస్ట్ కేసులో చెప్పింది కూడా ఇదే. గీత, భాగవతం లాంటి గ్రంథాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు, కానీ ఇస్కాన్ స్థాపకుడు ప్రభుపాద రాసిన వ్యాఖ్య, వివరణ, సారాంశం ఆయన శ్రమ కాబట్టి వాటిని ఎత్తి వేసుకోకూడదు అంది. ఖురాన్ అనువాదానికైనా, బైబిల్ కొత్త అనువాదానికైనా ఇదే లెక్క.

మీ అసలు బాధ వంకర రాతలు. దానికి వేరే చట్టం ఉంది, పాత ఐపీసీలో 295ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే మూడేళ్ల దాకా శిక్ష. లాహోర్‌లో ప్రవక్త మీద రాసిన ఒక పుస్తకం కేసులో ప్రచురణకర్తని హైకోర్టు వదిలేశాక 1927లో తెచ్చిన సెక్షన్ అది. నచ్చని అర్థం చెప్పిన ప్రతివాడికీ అది తగలదు, తగలకూడదు కూడా. కాపీరైట్ దొంగతనం ఆపడానికి పెట్టిన చట్టం, మనసు నొచ్చుకున్నప్పుడు వాడే కర్ర కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే గొడవలన్నీ. అటువైపు వాళ్లు కూడా తక్కువేం కాదు, "పబ్లిక్ డొమైన్ కదా, ఏమైనా రాస్తాం" అంటారు. కాపీరైట్ తీరిపోయినంత మాత్రాన మిగతా చట్టాలన్నీ తీరిపోవు.

మన దగ్గరే ముద్దుపళని 'రాధికా సాంత్వనం' చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో రాసిన కావ్యం, ఏ లెక్కన చూసినా అందరి సొత్తు. పాత అచ్చుప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని, కవయిత్రి గురించి ఆమె చెప్పుకున్న సంగతులు కూడా తీసేశారని గమనించి బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠం వావిళ్ల వారితో అచ్చేయించారు. మరుసటి ఏడాదే బూతు పుస్తకమని పోలీసులు కాపీలు ఎత్తుకెళ్లారు. వీరేశలింగం పంతులంతటి సంస్కర్త కూడా ఆ కావ్యాన్ని ఛీ అన్నవారే. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉండగా గానీ నిషేధం పోలేదు. కాపీరైట్ ప్రసక్తే లేని పుస్తకానికి ముప్పై ఏళ్లకు పైగా జైలు. మీరడిగిన కమిటీ ఉంటే ఇప్పటికీ బయటికి వచ్చేది కాదేమో మాస్టారూ.

ప్ర: సర్కారు జీవోలు, చట్టాలు, నాయకుల ప్రసంగాలు జనం సొమ్ముతో తయారైనవే కదా, అవన్నీ పబ్లిక్ డొమైన్ కావా?
– లా విద్యార్థి, హన్మకొండ

జ: కావాలి, కానీ కాదు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం తయారుచేసిన వాటికి కాపీరైట్ ఉండదు. మన దగ్గర ప్రభుత్వ ప్రచురణలకీ 60 ఏళ్లు ఉంటుంది. గెజిట్‌లో వచ్చినవీ, కోర్టు తీర్పులూ మాత్రం స్వేచ్ఛగా వేసుకోవచ్చు. చట్టాలు వేయాలంటే మాత్రం మీ సొంత వ్యాఖ్యో ఇంకేదైనా కొత్త విషయమో జోడించాలనే షరతు ఉంది, నవ్వొస్తుంది గానీ 52వ సెక్షన్‌లో అలాగే రాసుంది. బహిరంగ సభలో ప్రసంగానికి మొదటి హక్కుదారు మాట్లాడిన నాయకుడే, రాసిచ్చిన పీఏ కాదు. వార్తగా ఇవ్వడానికి అడ్డు లేదు, పుస్తకంగా వేసి అమ్ముకుంటే వేరే సంగతి.

ప్ర: సావర్కర్ రచనలు త్వరలో ఫ్రీ అవుతాయట. ద్వేషం పెంచే రాతలు అందరి చేతిలో పెట్టడం ప్రమాదం కాదా? మన తెలుగులో మంచివి ఎప్పుడు ఫ్రీ అవుతాయో చెప్పండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జ: సావర్కర్ 1966 ఫిబ్రవరిలో పోయారు, 2027 జనవరి 1 నుంచి ఆయన బతికుండగా అచ్చయినవన్నీ ఇండియాలో అందరివీ. మీకు నచ్చిన రచయితకి మంచిదైన చట్టం నచ్చనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం ఎలా అవుతుంది? కాపీరైట్ ఉన్నన్నాళ్లూ హక్కుదారు ఇష్టపడితేనే పూర్తి పాఠం బయటికొస్తుంది, కాపీరైట్ తీరాక ఆయన్ని విమర్శించేవాళ్లు కూడా పుస్తకం మొత్తం అచ్చేసి, పక్కన ఫుట్‌నోట్లు పెట్టి చూపించొచ్చు. అడ్డుపడేది ఎప్పుడూ ప్రత్యర్థులే అనుకోకండి. పెరియార్ 'కుడి అరసు' పత్రికలో రాసినవి ఇంకో ద్రావిడ సంఘం అచ్చేయబోతే, ఆయన పేరుతో నడిచే సంస్థే కోర్టుకెళ్లింది, 2009లో మద్రాసు హైకోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. అప్పటికి పెరియార్ పోయి అరవై ఏళ్లు కూడా కాలేదు.

తెలుగు లెక్క కావాలన్నారు కదా. గురజాడ, వీరేశలింగం, గిడుగు ఎప్పుడో అందరివీ అయ్యారు. పురాణాల్ని ఉతికి ఆరేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో పోయారు, 'శంబుక వధ' ఎవరైనా వేసుకోవచ్చు. 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసిన గరిమెళ్ల సత్యనారాయణవి 2013 నుంచి, బ్రిటిష్ వాళ్లు నిషేధించిన 'మాలపల్లి' 2019 నుంచి. జాషువా కోసం 2032 దాకా ఆగాలి, విశ్వనాథకి 2037, చలానికి 2040, శ్రీశ్రీకి 2044. ఇవన్నీ ఇండియా లెక్కలు. మీరున్న డల్లాస్‌లో పాత పుస్తకాలకి సాధారణంగా అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు, కాబట్టి అక్కడి సర్వర్‌లో పెట్టే ముందు రచయిత ఎప్పుడు పోయారని కాదు, పుస్తకం ఎప్పుడు అచ్చయిందని చూసుకోండి.