లెడ్-ఫ్రీకి మారాలంటే సోల్డర్ ఒక్కటి మారిస్తే చాలా?

మీరు అడిగింది ఇదీ: ఇన్నాళ్ళూ 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం) సోల్డర్‌తోనే పవర్ సప్లై బోర్డులు చేస్తున్నాం, యూరప్ కస్టమర్ రోహ్స్ (ఎలక్ట్రానిక్స్‌లో సీసం లాంటి హానికర పదార్థాలకి యూరప్ పెట్టిన పరిమితి) ప్రకారం లెడ్-ఫ్రీగా, అంటే సీసం లేకుండా కావాలంటున్నాడు, వైరు, బారు మారిస్తే సరిపోతుందా అని. సరిపోదండీ. ఈ మొత్తం వ్యవహారంలో సోల్డర్ కొనడమే అన్నిటికన్నా తేలిక. నేను చర్లపల్లిలో ఇలాంటి జాబ్ వర్క్ యూనిట్‌లోనే ప్రొడక్షన్ చూసేవాణ్ణి. మేం మారినప్పుడు మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టినవి రెండే: వేవ్ మెషిను, ఆపరేటర్ల చేతి అలవాటు.

ముందు వేవ్ సంగతి. ఇందులో పాట్‌లో కరిగిన సోల్డర్‌ని ఇంపెల్లర్ అనే పంపు రెక్కలు అలలా పైకి నెడతాయి, బోర్డు దాని మీదుగా వెళ్తుంది. 63/37 అయితే 183 డిగ్రీలకే కరుగుతుంది. ఎస్ఏసీ305, అంటే 96.5 శాతం తగరం, 3 వెండి, 0.5 రాగి, 217 దాటితే గానీ కరగదు. వెండి లేని తగరం-రాగి రకానికి 227 కావాలి. అంచేత పాట్‌ని 260 దాకా పెంచక తప్పదు. వేడి ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. తగరం పాలు అంత ఎక్కువయ్యేసరికి అది మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌ని మెల్లగా తినేస్తుంది. మా పాత మెషిన్ ఇంపెల్లర్ ఊడదీసి చూస్తే రెక్కల అంచులు చెదపట్టిన చెక్కలా గుల్లబారిపోయాయి. అలా కరిగిన ఇనుము తగరంతో కలిసి సన్నటి సూదులుగా పాట్‌లో తిరుగుతుంటుంది. అవి పిన్నుల మధ్య చిక్కుకుని బ్రిడ్జ్‌లు (పక్క పిన్నులు కలిసిపోయే షార్ట్‌లు) పడుతుంటే అందరూ ఫ్లక్స్‌ని, అంటే సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే రసాయనాన్ని, తిడుతుంటారు! టైటానియం పాటో, పోత ఇనుముదో, కోటింగ్ ఉన్నదో కావాలి.

పాత పాట్ ఖాళీ చేసి అందులోనే కొత్త బార్ పోద్దాం అని మీ ఓనరు అంటే ఈ లెక్క చూపించండి. యూరప్‌లో 2006 జూలై 1 నుంచి ఉన్న రూల్ ప్రకారం సీసం 0.1 శాతం మించకూడదు. అదీ బోర్డు మొత్తం బరువులో కాదు, జాయింట్‌లో ఉన్న సోల్డర్‌లో. 300 కిలోల పాట్‌లో పొరపాటున ఒక్క కిలో 63/37 బార్ పడిందనుకోండి, 370 గ్రాముల సీసం చేరినట్టే. శాతం 0.12. పాట్ మొత్తం పనికిరాదు. మూలల్లో, నాజిల్ లోపల గడ్డకట్టి మిగిలే పాత సోల్డర్ కూడా ఇంతే ప్రమాదం. ఒకే వేవ్ మీద పొద్దున ఇదీ సాయంత్రం అదీ నడపడం అసలు కుదరని పని.

ఇంకొకటి, బోర్డుల నుంచి రాగి కరిగి పాట్‌లో పెరుగుతూ పోతుంది. 1 శాతానికి దగ్గరయ్యే కొద్దీ సోల్డర్ చిక్కబడుతుంది. అందుకే టాప్-అప్‌కి రాగి లేని బార్ వాడతారు. నెలకోసారి శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. ఖర్చు మాటకొస్తే, పాట్ నిండా వెండి ఉన్న ఎస్ఏసీ305 పోయడం నా దృష్టిలో డబ్బు దండగ. వేవ్‌కి కొంచెం నికెల్ కలిపిన తగరం-రాగి, పేస్ట్‌కి (ఓవెన్‌లో కరిగించే సోల్డర్ ముద్దకి) ఎస్ఏసీ305 చాలు.

హ్యాండ్ సోల్డరింగ్‌లో సమస్య కంటితో మొదలవుతుంది. లెడ్-ఫ్రీ జాయింట్ మెరవదు, కాస్త గరుకుగా బూడిద రంగులో ఉంటుంది. ఏళ్ళ తరబడి తళతళలాడే జాయింట్ చూసిన అమ్మాయిలు దాన్ని డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని జాయింట్) అనుకుని మళ్ళీ మళ్ళీ టచప్ చేస్తారు, చివరికి బోర్డు మీది రాగి ప్యాడ్ లేచొస్తుంది. ఐపీసీ-ఏ-610 (బోర్డుల నాణ్యత చూసే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం ఆ మసక రంగు తప్పు కాదు, సోల్డర్ ప్యాడ్‌ని సరిగ్గా తడిపిందా లేదా అన్నదే చూడాలి. మంచి జాయింట్లు, చెడ్డవి పక్కపక్కన పెట్టిన శాంపిల్ బోర్డు ఒకటి టేబుల్ మీద ఉంచండి. మాకు ట్రైనింగ్ క్లాసుల కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. సోల్డర్ పారట్లేదని ఐరన్‌ని 420కి పెట్టేస్తారు, అది చేయనివ్వొద్దు. 350–370 మధ్య ఉంచి, వెడల్పు చిజెల్ టిప్ ఇవ్వండి. మీ పవర్ సప్లైలో గ్రౌండ్ ప్లేన్‌కి కలిసిన పిన్నులుంటాయి కదా, వాటికి కింద నుంచి ప్రీహీట్ లేకపోతే సోల్డర్ రంధ్రంలో సగం కూడా ఎక్కదు.

రీఫ్లో, అంటే పేస్ట్ పూసి ఓవెన్‌లో కరిగించే పద్ధతి, పెద్ద టెన్షన్ కాదు, పీక్ 240–245కి ప్రొఫైల్ సెట్ చేసుకుంటే చాలు. అయితే స్టాక్‌లో ఉన్న పాత కెపాసిటర్లు, కనెక్టర్ల ప్లాస్టిక్ ఆ వేడికి తట్టుకుంటాయో లేదో డేటాషీట్‌లో చూసుకోండి. పీసీబీ వెండర్‌కి హెచ్‌ఏఎస్‌ఎల్ (ప్యాడ్ల మీద వేసే సోల్డర్ పూత) అని మాత్రమే రాస్తే సీసం ఉన్నదే పంపించే అవకాశం ఉంది, లెడ్-ఫ్రీ అని విడిగా రాయండి. లెడ్-ఫ్రీ కదా అని పొగ పీల్చే ఎగ్జాస్ట్ తీసేయకండి, ఆ పొగ సీసానిది కాదు, ఫ్లక్స్‌ది.

రిపేరుకి తిరిగొచ్చే పాత బోర్డులకి వేరే టేబుల్, వేరే ఐరన్, వేరే రంగు టేపు పెట్టండి. ఈలోగా మీ వేవ్ మెషిన్ మోడల్ నంబరు చెప్పి, పాట్, ఇంపెల్లర్ ఏ లోహంతో చేశారో సప్లయర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు వచ్చాకే బార్లకి ఆర్డర్ పెట్టండి.