అవునంటే నడక పోతుంది, కాదంటే పని పోతుంది

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఇంట్లో మావారు, అత్తగారు, చదువుకుంటున్న పిల్లలిద్దరు, నేను. ఉదయం అయిదున్నరకు మొదలుపెడితే రాత్రి పదింటికి గానీ వంటగదిలో దీపం ఆర్పను. ఈ మధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెర లెక్క, 6.1 శాతం వచ్చింది. డాక్టరు గారు ‘వ్యాయామం ఏమైనా చేస్తారా?’ అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మావారు ‘ఇంటి పనంతా తనే చేస్తుందండీ, అంతకంటే వ్యాయామం ఏముంటుంది’ అన్నారు. డాక్టరు గారు నవ్వి, ‘అది వ్యాయామం కిందికి రాదు, రోజూ నడవమనండి’ అన్నారు. ఇద్దరూ నా గురించే మాట్లాడుకున్నారు, నాతో మాత్రం కాదు. సాయంత్రం నడకకు వెళ్తానంటే మావారు ‘మళ్లీ అదెందుకు’ అంటారు. అత్తగారు ‘మా కాలంలో నడకలు ఎరుగుదుమా’ అంటారు. ‘అంత మంచి వ్యాయామమైతే మీరే చేయండి’ అని ఒకరోజు విసురుగా అనేశాను. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇంతకీ ఇంటి పని వ్యాయామమా, కాదా? మీ జవాబు ఆయనకు చూపిస్తాను.

జవాబు: చూపిస్తానన్నారు కాబట్టి ముందే చెబుతున్నానమ్మా, ఈ జవాబుతో మీ వారిని ఓడించలేరు. ఆయన మాటలో సగం నిజముంది. డాక్టరు గారి మాటలోనూ సగం నిజముంది. మిగిలిన రెండు సగాలూ కలిసి మీ నెత్తిన పడ్డాయి.

మీ చిక్కు నాకు ఇలా కనిపిస్తోంది. ఇంటి పని వ్యాయామమే అని నేనంటే మీ సాయంత్రపు నడక పోతుంది. కాదంటే, పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు చేసిందంతా లెక్కలోకి రాని పని అయిపోతుంది. ఏ జవాబు వచ్చినా నష్టపోయేది మీరే. అందుకే డాక్టరు గారి గదిలో మీకు మాట పెగల్లేదేమో.

ముందు లెక్క చూద్దాం. కదలకుండా కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ఒకటి అనుకుంటే, దానికి మూడు రెట్ల నుంచి ఆరు రెట్ల లోపు ఖర్చయ్యే శ్రమను మధ్యస్థాయి శ్రమ అంటారు. ఈ కొలత పేరు మెట్. చురుకైన నడక ఆ మధ్యస్థాయిలోకి వస్తుంది. ఇల్లు ఊడవడం, తడిగుడ్డతో తుడవడం మూడుకు కాస్త పైన ఉంటాయి కాబట్టి అవీ వస్తాయి. నేల మీద మోకాళ్లూని గట్టిగా రుద్దితే అంకె ఇంకా పెరుగుతుంది. నిండు బకెట్టుతో మెట్లెక్కడం గురించి చెప్పనే అక్కర్లేదు. గిన్నెలు కడగడం, ఇస్త్రీ, బట్టలు మడతపెట్టడం, పొయ్యి దగ్గర నిలబడటం మాత్రం రెండు, రెండున్నర దగ్గరే ఆగిపోతాయి. అంకెలు గుర్తుండకపోతే ఒక చిట్కా ఉంది. పని చేస్తూ మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే అది మధ్యస్థాయి శ్రమ. హాయిగా పాడగలుగుతుంటే అది తేలిక పని, ఎంతసేపు చేసినా సరే.

ఈ సంగతి నాకు నా ఫోనే నేర్పింది. ఒక పండుగ మర్నాడు ముప్పావుగంట గిన్నెలు తోమి, నడుము పట్టేసి, అడుగుల లెక్క ఎంత పెరిగిందో చూద్దామని జేబులోంచి ఫోను తీశాను. పదకొండు అడుగులు పెరిగాయి. మీతోపాటు నేనూ అవమానపడ్డానని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అలసటను చూసి వ్యాయామం అయిపోయిందనుకోవడం దగ్గరే మనం పొరబడతాం. ఒకచోట గంటల తరబడి నిలబడితే అలసట వస్తుంది. ఒక పని ముగియకముందే ఇంకోదానికి పిలుపు వచ్చినా, రేపటి పనులన్నీ తలలో పెట్టుకుని తిరిగినా వస్తుంది. ఆ అలసట నూటికి నూరుపాళ్లూ నిజమైనదే. గుండె వేగం పెరగలేదన్నంత మాత్రాన మీరు అలసిపోలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. అలాగే, అలసిపోయారు కాబట్టి గుండెకు చేరాల్సింది చేరిపోయిందనీ అనడానికి లేదు.

మీ అత్తగారి మాటలో కూడా ఒక ముక్క ఉంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఇంటి పనంటే నీళ్లు మోయడం, చేత్తో బట్టలుతికి పిండడం, రుబ్బడం. వాటితో నిజంగానే చెమట పట్టేది. బరువు పనులను యంత్రాలు తీసుకెళ్లిపోయాయి. యంత్రంలో బట్టలు వేయడం, తీయడం, ఆరేయడం, ఏది ఎప్పుడు ముగుస్తుందో కనిపెట్టి ఉండటం మీకు మిగిలాయి. పని గంటలు పెద్దగా తగ్గలేదు, శ్రమ మాత్రం పలచబడింది. ‘మీ కాలంలో పని అలాంటిదండీ అత్తయ్యా’ అని ఒకసారి మనస్ఫూర్తిగా అని చూడండి. ఆవిడ వాదించకపోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ. ఆ శ్రమలో ఇంటి పనినీ కలుపుకోవచ్చు. 2010లో ఇచ్చిన సూచనల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలనే షరతు ఉండేది. 2020లో దాన్ని ఎత్తేశారు. ఇది మీకు మంచి వార్త. ఏ పనీ పది నిమిషాలు తెగకుండా చేయనివ్వని ఇల్లు కదా మీది! ఆరు నిమిషాలు ఊడ్చినా, నాలుగు నిమిషాలు మెట్లు కడిగినా కలుపుకోండి.

అయితే అదే సంస్థ వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు కూడా ఉండాలంటుంది. ఇంటి పని చేతులెత్తేసేది ఇక్కడే. బకెట్టు ఎప్పుడూ ఒకే చేత్తో ఎత్తుతాం, నడుము ఎప్పుడూ ముందుకే వంచుతాం. మీ వయసులో కండరం, ఎముక రెండూ తరుగుముఖం పడతాయి కాబట్టి దీన్ని వదిలేయకండి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పది పన్నెండుసార్లు లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి వాలుతూ వెనక్కి నెట్టుకోవడం, మడమలెత్తి నిలబడటం, వీటితో మొదలుపెట్టవచ్చు. పరికరాలు అక్కర్లేదు.

ఇప్పుడు ఒక పని చేయండి. మూడు రోజులు, కేవలం మూడే రోజులు, ఒక కాగితం వంటగది తలుపుకు అంటించి, పాట పాడలేనంత శ్రమ పడ్డ నిమిషాలు మాత్రం రాయండి. పదహారున్నర గంటల రోజులో అవి అరగంటే తేలినా నిరుత్సాహపడకండి. గంట తేలితే గర్వంగా లెక్కలో వేసుకోండి. తేలిక పనులు కూడా వృథా కావు. తిన్న వెంటనే కూర్చోకుండా కాసేపు అటూ ఇటూ కదిలితే రక్తంలో చక్కెర ఎగబాకడం తగ్గుతుంది, ఆ పని చేసిపెట్టేది కదిలే కండరాలే.

కానీ మీ 6.1 విషయంలో నేను డాక్టరు గారి పక్షం. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ. ఇక్కడి నుంచి వెనక్కి రావడానికి దారి ఉంది. అమెరికాలో 2002లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లను వారానికి 150 నిమిషాల చురుకైన నడక స్థాయి శ్రమకు, శరీర బరువులో ఏడు శాతం తగ్గడానికి సిద్ధం చేశారు. సుమారు మూడేళ్లలో మధుమేహంలోకి జారినవాళ్లు, మామూలు సలహాతో సరిపెట్టుకున్నవాళ్లతో పోలిస్తే 58 శాతం తక్కువ. అదే అధ్యయనంలో మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర తెచ్చిన తగ్గుదల 31 శాతం. కాబట్టి నడక మీకు సరదా కాదు, వైద్యం. మాత్ర రాసిచ్చి ఉంటే ‘మళ్లీ అదెందుకు’ అనేవారా మీ వారు?

అమెరికాలోనే హోటలు గదులు శుభ్రం చేసే 84 మంది మహిళలపై చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. వాళ్లలో కొందరికి ‘మీ పని మంచి వ్యాయామమే’ అని వివరించారు. మిగతావాళ్లకు ఏమీ చెప్పలేదు. నాలుగు వారాల తరువాత, ఆ మాట విన్నవాళ్ల బరువు, రక్తపోటు కాస్త తగ్గాయి. పని ఎక్కువ చేయలేదని వాళ్లే చెప్పారు. నమ్మకంతోనే ఒళ్లు మారిందంటే నేను ఆచితూచి వింటాను, పైగా అది చిన్న అధ్యయనం. కానీ అందులో ఒక సంగతి నన్ను వదలదు. రోజుకు పదిహేను గదుల దాకా సర్దే ఆ మనుషుల్లో చాలామంది, వ్యాయామం చేస్తారా అని అడిగితే లేదనే అన్నారు.

ఇక మీ వారికి రెండు ముక్కలు, ఎలాగూ చదువుతారు కాబట్టి. అయ్యా, డాక్టరు గారి ముందు ఆ మాట మీరు పొగడ్తగానే అన్నారని నమ్ముతున్నాను. కానీ ప్రశ్న ఆవిడను అడిగారు. ఆవిడ ఏం చెప్పేదో ఇప్పటికీ మీకు తెలియదు. ఈ రోజు అడగండి. తరువాత సాయంత్రం ఆరు నుంచి ఆరూ నలభై వరకు వంటగది మీదని చెప్పండి. ‘సాయం చేస్తాను’ అనకండి, ఎందుకంటే సాయం చేసేవాడికి ప్రతిదీ ఎక్కడుందో చూపించడానికి ఇంకొకరు పక్కన నిలబడాలి. ఆ నలభై నిమిషాల్లో ఏం చేయాలో మీరే చూసుకోండి. పిల్లలు కూడా మరీ పసివాళ్లేమీ కాదు.

మళ్లీ మీతో, అమ్మా. ఆ రోజు మీరు విసిరిన మాట తప్పేమీ కాదు, కాకపోతే దానికి జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. దాని బదులు రోజు, సమయం, పని, ఈ మూడూ చెప్పి అడగండి. ‘సోమవారం నుంచి వారానికి అయిదు రోజులు ఆరింటికి బయలుదేరతాను, ఆ వేళకు పొయ్యి మీద ఉన్నది మీరు చూడాలి.’ అంతే. అనుమతి అడిగే గొంతు వద్దు, పోట్లాట గొంతూ వద్దు. మొదటి వారం పదిహేను నిమిషాలు నడిస్తే చాలు, క్రమంగా ముప్పైకి పెంచండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, తల తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే ఆగి డాక్టరుకు చూపించుకోండి. ఈసారి వెళ్లినప్పుడు మీ మూడు రోజుల కాగితం పట్టుకెళ్లి, మాట మీరే మొదలుపెట్టండి.

మీరు తిరిగి వచ్చేసరికి వంటగది గట్టు మీద నీళ్లు కారుతుంటాయి, గుడ్డ తడిసి మూలన పడి ఉంటుంది, గిన్నెలు మీరు పెట్టే చోట ఉండవు. చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, కూర్చోండి. ఆ గుడ్డ జోలికి వెళ్లకండి.