టెక్ సందేహాలు: స్పీకర్ మారిస్తే రేడియో రొద పోతుందా?

ఎండలు ముదిరితే ఏసీలు, స్టెబిలైజర్ల మీద ప్రశ్నలు రావడం మామూలే. ఈ మధ్య మాత్రం కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకు మాట్లాడుకునే రేడియో) వినేవాళ్ల ఫిర్యాదు ఒకటే పనిగా వస్తోంది: రేడియోలో గరగర ఎక్కువైంది, దాన్ని పోగొట్టే స్పీకర్ ఏది కొనాలి? ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చింది. అందుకే ఈసారి అన్నీ ఒకచోట.

ప్రశ్న: రిటైరయ్యాక హ్యామ్ రేడియో వినడం అలవాటైంది. పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో మనవాళ్ల మాటలు వింటుంటాను. కొన్నాళ్లుగా రొద పెరిగి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు 7 దగ్గరే నిలబడుతోంది. మా అబ్బాయి నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్ కొనిచ్చాడు, తేడా ఏమీ లేదు. ఇప్పుడు రొద తగ్గించే డీఎస్పీ స్పీకర్ చూశాను. ఖరీదు బాగానే ఉంది. కొనొచ్చా సార్? (ప్రొద్దుటూరు పాఠకుడు)

ముందు హెడ్‌ఫోన్ సంగతి తేల్చేద్దాం. దానికున్న మైకులు గదిలోని చప్పుడును పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టించి కొట్టేస్తాయి. అంటే మీ ఫ్యాన్ చప్పుడు పోతుంది. రేడియో నుంచి వైరులో వచ్చే గరగర మాత్రం దాని లెక్కలో మీరు కోరి పెట్టుకున్న పాట. పైగా గది నిశ్శబ్దమయ్యేసరికి ఆ గరగర ఇంకా బాగా వినబడుతుంది. అబ్బాయిని ఏమీ అనకండి, బస్సు ప్రయాణాలకు పనికొస్తుంది.

డీఎస్పీ స్పీకర్ పని వేరు. రేడియో నుంచి వచ్చిన శబ్దాన్ని అందులోని చిప్ సన్నని పట్టీలుగా విడదీస్తుంది. మాట అక్షరాక్షరానికీ మారుతుంటుంది, రొద ఒకేలా సాగుతుంది. మార్పు లేకుండా సాగే దాన్ని చిప్ అణచివేస్తుంది. అందుకే ‘స్స్‌స్’ మంటూ నిలకడగా వచ్చే రొద మీద ఇది బాగా పనిచేస్తుంది. పక్క స్టేషన్ వల్ల పడే సన్నని ఈలను కూడా కొన్ని చక్కగా తీసేస్తాయి. గంటల తరబడి వినేవాళ్లకు తలనొప్పి తగ్గుతుంది, అందులో అనుమానం లేదు.

నాబ్‌ను చివరికంటా తిప్పినప్పుడే గొడవ. స, ష, ఫ లాంటి అక్షరాలు చిప్‌కు రొదలాగే కనిపిస్తాయి, ముందు వాటినే కోసేస్తుంది. అసలే ఎస్ఎస్‌బీలో (హ్యామ్‌లు మాట్లాడుకునే పద్ధతి) మాట సుమారు 300 నుంచి 2,700 హెర్ట్జ్ లోపల ఇరుక్కుని వస్తుంది. ఇక ‘సరే’ అన్నది ‘అరే’ అని వినబడుతుంది. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చివర ఉన్నది ఎస్సో ఎఫ్ఫో తేలదు. మాట నీళ్లలోంచి వస్తున్నట్టు అనిపిస్తే రెండు మెట్లు తగ్గించండి. రేడియోలోనే ఎన్ఆర్ (నాయిస్ రిడక్షన్) బటన్ ఉంటే దాన్ని ఆపేయండి. రెండూ కలిపి పెడితే ఒకటి కోసి మిగిల్చిన దాన్ని రెండోది మళ్లీ కోస్తుంది.

అయితే మీ ఇబ్బందికి మందు ఈ స్పీకర్ కాదు. ఎస్-మీటర్‌లో ఒక్కో మెట్టు 6 డెసిబెల్స్. మీ రొద 7 దగ్గర ఉండి అవతలి స్టేషన్ 5 దగ్గర ఉంటే, మాట రొదకంటే 12 డెసిబెల్స్ కింద ఉన్నట్టు. రేడియోలోని ఏజీసీ (శబ్దం స్థాయిని దానంతటదే సర్దే ఏర్పాటు) ఆ రొదను చూసే గెయిన్ తగ్గించేస్తుంది. మాట అప్పటికే అణగిపోయి బయటికొస్తుంది. స్పీకర్ దాకా సరిగా రాని మాటను స్పీకర్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

కాబట్టి డబ్బు పెట్టే ముందు రొద ఇంట్లోదా, బయటిదా తేల్చుకోండి. రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపేయండి. మనవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. మెయిన్ ఆపగానే ఇంట్లో ఇన్వర్టర్ అందుకుంటుంది. రొద పుట్టించడంలో అది అందరికంటే ముందుంటుంది. ముల్లు దిగకపోగా ఇంకాస్త ఎక్కుతుంది. వెంటనే ‘సార్, రొద మా ఇంట్లోది కాదు, కరెంటు తీగలది’ అని నాకు రాసేస్తారు. ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, ప్లగ్ పీకి అప్పుడు చూడండి. ముల్లు 2కో 3కో పడిపోయిందంటే రొద ఇంట్లోదే. ఇన్వర్టర్‌ను ఆపే ఉంచి, మెయిన్ వేసి, ఎంసీబీలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోండి. ఏ గది దగ్గర ముల్లు లేచిందో ఆ గదిలో చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, సెట్‌టాప్ బాక్స్ ఎడాప్టర్, రౌటర్, ఫ్యాన్ రెగ్యులేటర్ వరసగా చూడాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ పాత ట్రాన్సిస్టర్ పట్టేస్తుంది. మీడియం వేవ్‌లో కడప ఆకాశవాణి 900కు దూరంగా, ఏ స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి ఒక్కో వస్తువు దగ్గరికీ తీసుకెళ్లండి.

ఇక్కడ కాసేపు తిట్టుకోనివ్వండి. చౌక చార్జర్‌ను విప్పి చూస్తే, కరెంటు లోపలికి వచ్చే చోట బోర్డు మీద, రొదను బయటికి పోనివ్వని ఫిల్టర్ కాయిల్ బొమ్మ అచ్చేసి ఉంటుంది. కాయిల్ కాళ్ల కోసం నాలుగు రంధ్రాలు కూడా ఉంటాయి. కాయిల్ మాత్రం ఉండదు. దాని స్థానంలో రెండు చిన్న తీగముక్కలు అడ్డంగా అతికించి ఉంటాయి. అంటే అక్కడ కాయిల్ కావాలని డిజైన్ చేసినవాడికి తెలుసు. తయారుచేసినవాడు నాలుగు రూపాయలు మిగుల్చుకున్నాడు. ఆ నాలుగు రూపాయల రొద వీధి మొత్తం వింటుంది. చాలా ఎడాప్టర్ల మీద కనిపించే ఐఎస్ 13252 చూసి ధీమా పడకండి. అది షాక్ కొట్టకుండా, అంటుకోకుండా ఉండటానికి పెట్టిన భద్రతా ప్రమాణం. పక్కనున్న రేడియోకు ఏమవుతుందన్నది దాని పని కాదు. ఇంతా చేసి, రొద తగ్గించే స్పీకర్‌కు సరిగ్గా ఇలాంటి ఎడాప్టరే తగిలించి మళ్లీ రొద అని ఉత్తరం రాసేవాళ్లూ ఉన్నారు.

దొరికిన చార్జర్‌ను పారేయడమే మేలు. పారేయలేనిదైతే దాని వైరును 31 రకం ఫెర్రైట్ (రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థం) రింగులో చుట్టండి. వైరు మీద క్లిప్ ఒక్కటి నొక్కి వదిలేస్తే హెచ్ఎఫ్‌లో (షార్ట్ వేవ్‌లో) పెద్దగా లాభం లేదు. చుట్లు రెట్టింపు చేస్తే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది.

మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపినా ముల్లు దిగలేదంటే బయటిదే. అప్పుడు గడియారం చూడండి. ఎండ ఎక్కేకొద్దీ పెరిగి పొద్దుగూకగానే మాయమయ్యేది మిద్దె మీది సోలార్ ఇన్వర్టర్. మీకు లేకపోతే పక్కింటిది. పల్లెల్లో అయితే సోలార్ పంపుసెట్ కంట్రోలర్. రాత్రీ పగలూ గుర్రుమంటూ, దుమ్ము పట్టిన పొడి రోజుల్లో ఎక్కువై వాన పడగానే తగ్గేది స్తంభం మీద పగిలిన ఇన్సులేటర్ లేదా వదులైన జాయింటు. మన సీమలో వాన కోసం చూస్తూ కూర్చుంటే ఈ పరీక్ష ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం లెండి. స్తంభం నంబర్ రాసుకుని 1912కు ఫోన్ చేయండి. స్తంభాన్ని సుత్తితో కొట్టి చూడమని సలహా ఇచ్చే పెద్దలున్నారు, ఆ పని చేయకండి. మీ యాంటెన్నా తీగ కూడా, తెగి పడినా కరెంటు లైనుకు తగలని చోటే కట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలే సన్నని రొదకు ఆ స్పీకర్ కొనుక్కోండి, సంతోషంగా వాడండి.

ప్రశ్న: ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో) ఎఫ్‌టీ8 (కంప్యూటర్లతో పంపుకునే చిన్న సందేశాల పద్ధతి) డీకోడ్ చేస్తుంటాను. మోర్స్ కూడా ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆడియోను రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ గుండా పంపితే ఎక్కువ స్టేషన్లు పడతాయా? బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడొచ్చా? (అనంతపురం, ఇంజినీరింగ్ విద్యార్థి)

పడవు, తగ్గుతాయి. ఎఫ్‌టీ8 వచ్చింది 2017లో. చెవికి ఏమీ వినబడని చోట, రొదకంటే 20 డెసిబెల్స్ కిందున్న సిగ్నల్‌ను కూడా పట్టుకునేలా చేశారు. మీ చెవికి హాయిగా ఉండాలని మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పెడితే అది ఆ బలహీనమైన స్వరాలనే రొద అనుకుని తుడిచేస్తుంది. డీకోడర్‌కు పచ్చి ఆడియో ఇవ్వండి, కంప్యూటర్ గడియారం సెకనుకు మించి తేడా రాకుండా చూసుకోండి. మోర్స్‌కు బ్లూటూత్ వద్దు. కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా చెవిన పడితే చెయ్యి తడబడుతుంది. వైరున్న హెడ్‌ఫోన్ వాడండి.

డాంగిల్ వాడే కడప వాళ్లకు కూడా ఒక మాట. ఈ చౌక డాంగిల్స్‌లో సిగ్నల్‌ను అంకెలుగా మార్చడానికి ఉండేది 8 బిట్ల కన్వర్టర్. దగ్గర్లో బలమైన మీడియం వేవ్ స్టేషన్ ఉంటే అది ఉక్కిరిబిక్కిరై బ్యాండు నిండా రొద చూపిస్తుంది. మీడియం వేవ్‌ను ఆపే హైపాస్ ఫిల్టర్ పెడితే సరిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘ఏఐ నాయిస్ రిమూవల్’ బ్లూటూత్ స్పీకర్ కొన్నాను. రొద తగ్గించే మోడ్ యాప్ ఉంటేనే పనిచేస్తుందట. ప్లే స్టోర్‌లో దొరకలేదు. రేడియో వాట్సాప్ గ్రూపులో ఒకరు ఏపీకే (యాప్ ఫైల్) పంపారు. ఇన్‌స్టాల్ చేస్తే యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటోంది. ఆ సెట్టింగేమో మసకగా ఉంది, నొక్కినా ఆన్ కావడం లేదు. ఎలా ఆన్ చేయాలి? (ఆదోని పాఠకుడు)

ఆన్ కాకపోవడమే మీ అదృష్టం. దయచేసి ఆ ప్రయత్నం అక్కడితో ఆపండి.

ప్లే స్టోర్ బయట నుంచి ఇలా ఫైల్‌గా వచ్చిన యాప్‌కు యాక్సెసిబిలిటీ సులువుగా దొరకకుండా ఆండ్రాయిడ్ 13 నుంచి అడ్డు పెట్టారు. మీకు మసకగా కనిపిస్తున్నది అదే. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి మూడు చుక్కలు నొక్కి ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ అనమని రేపో మాపో ఎవరో ఒక వీడియో పంపుతారు. పంపితే చూడకండి. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని చేతికిస్తే యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు యాప్ తెరిచి, ఓటీపీ చూసి, ఓకే నొక్కడానికి అంతకంటే ఏం కావాలి? స్పీకర్‌లో రొద తగ్గించడానికి ఇందులో ఏదీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి స్పీకర్‌తో మాట్లాడే యాప్‌కు ‘నియర్‌బై డివైజెస్’ అనుమతి ఒక్కటి చాలు. అంతకు ముందు ఫోన్లలో బ్లూటూత్ స్కాన్‌కు లొకేషన్ అడగడం సహజమే. కానీ ఎస్ఎంఎస్, కాంటాక్ట్స్, కాల్ లాగ్ ఏ కాలంలోనూ సహజం కాదు. గ్రూపులో పంపినాయన మంచివాడే కావచ్చు. ఆయనకూ ఎవరో పంపి ఉంటారు. ఏపీకే మోసాలు ఊళ్లలో ఇంతగా పాకడానికి కారణం ఆ మంచితనమే.

యాప్ ఇప్పటికే ఎక్కింది కాబట్టి ముందు వైఫై, మొబైల్ డేటా ఆపండి. యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని పేరు ఉంటే ఆఫ్ చేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చి ఉంటే ఫోటోలు, కాంటాక్ట్స్ దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే క్షేమం. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. ##002# డయల్ చేస్తే ఎవరైనా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ పోతుంది. ఖాతాలోంచి రూపాయి కదిలినా సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దామనుకుంటే అప్పటికి ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారుతుందో.

ఇక ఆ స్పీకర్. దాంతో ఫోన్ మాట్లాడొచ్చని పెట్టె మీద రాసి ఉంటే లోపల మైకు ఉందన్నమాట. పిన్ అడగకుండా జతయ్యే రకమైతే, మీ ఫోన్ దూరమైనప్పుడు గోడ అవతలి వాళ్ల ఫోన్ దానికి తగులుకోవచ్చు. అప్పుడు మీ ముందు గదిలో మాటలు వాళ్లకు వినబడే అవకాశం ఉంది. వాడనప్పుడు స్విచ్ ఆపేయండి.

నా అభిప్రాయం అడిగితే, రొద తగ్గించే నాబ్ తిప్పడానికి యాప్, లాగిన్, ఇంటర్నెట్ అడిగే స్పీకర్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోను. ఆ కంపెనీ సర్వర్ మూసేసిన రోజు మీ నాబ్ పోతుంది. అప్‌డేట్ పేరుతో నిన్నటిదాకా ఉన్న మోడ్‌ను తీసేసి, కావాలంటే నెలకింత కట్టమన్నా అడిగే దిక్కుండదు. హ్యామ్‌ల కోసం చేసిన మామూలు డీఎస్పీ స్పీకర్లకు ఒక వైరు, ఒక నాబ్, ఒక బటన్ ఉంటాయి. వాటికి మీ ఫోన్ నంబర్‌తో పనిలేదు. వాపసు గడువు ఇంకా ఉంటే తిరిగి పంపేయండి.

ప్రశ్న: మా ఇల్లు రైలు కట్టకు దగ్గర. బండి వెళ్లినప్పుడల్లా రేడియోలో పటపటమని మోత. డీఎస్పీ స్పీకర్ ఆపుతుందా? (గుంతకల్లు పాఠకురాలు)

సరిగా ఆపలేదమ్మా. నిప్పురవ్వల వల్ల వచ్చే పటపట నిలకడగా ఉండదు, చిప్ దాన్ని కనిపెట్టేలోపే మోత అయిపోతుంది. రేడియోలో ఎన్‌బీ (నాయిస్ బ్లాంకర్) బటన్ ఉంటే అది నొక్కండి. రేడియో లోపల ఇరుకు ఫిల్టర్ ఆ దెబ్బను సాగదీయకముందే అది కత్తిరిస్తుంది. యాంటెన్నా ఇంటి గోడకు ఆనుకుని పొడుగ్గా లాగిన తీగ అయితే దాని బదులు చిన్న లూప్ (చుట్టలా వంచిన తీగ యాంటెన్నా) పెట్టి చూడండి. లూప్‌ను మెల్లగా తిప్పుతుంటే ఒకచోట మోత బాగా పడిపోతుంది. వినాలనుకున్న స్టేషన్ కూడా ఆ దిక్కులోనే లేకపోతే, దాన్ని అక్కడే బిగించేయండి.