ఉద్యోగాలు మానేసి ఇద్దరం ప్రపంచం తిరిగొద్దామనుకుంటున్నాం, పిచ్చి పనా?

ప్రశ్న: బెల్లందూరులో ఉంటాం. నాకు 31, మా ఆవిడకి 29, ఇద్దరం సాఫ్ట్‌వేర్, పిల్లలు లేరు. 25 లక్షలు దాచాం. రాజీనామా చేసి ఏడాది పాటు దేశాలు తిరిగి రావాలని ఉంది. నిజంగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా జరిగిందో చెప్పండి.

చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. పుట్టిల్లు ప్రొద్దుటూరు, అత్తగారిది మదనపల్లె, పెళ్లయిన దగ్గర్నుంచి కుందలహళ్లిలో కాపురం. 2023 అక్టోబరులో ఇద్దరం ఒకే వారంలో రాజీనామా మెయిళ్లు కొట్టాం, మూడు నెలల నోటీసు పూర్తి చేసి 2024 జనవరి చివర్లో వియత్నాం విమానం ఎక్కాం. ఏడాది అనుకున్నది తిప్పి తిప్పి కొడితే ఆరు నెలలైంది. పిచ్చి పనా అంటే కాదు, నాకైతే పశ్చాత్తాపం లేదు. కానీ మీ ప్రశ్నలో 25 లక్షలున్నాయి, దేశాలున్నాయి, మీరు లేకపోయినా ఇక్కడ ఆగకుండా నడిచేవాటి గురించి ఒక్క ముక్క లేదు. మేం దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

ముందు లెక్క చెప్పేస్తా. బయట తిరిగిన ఆరు నెలలకి టికెట్లు, వీసాలు, గదులు, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ తొమ్మిది లక్షల నలభై వేలు అయింది. మా ఎక్సెల్‌లో వేసుకున్నదానికంటే తక్కువే, ఆ విషయంలో మా ఆయన ఇప్పటికీ కాలర్ ఎగరేస్తాడు. జీతం ఆగిన రోజు నుంచి మళ్లీ ఇద్దరికీ జీతం పడేదాకా ఇక్కడ అయింది మాత్రం ఆరు లక్షల పైచిలుకు. ఊళ్లో ఇల్లు కట్టినప్పటి లోను నెలకి 31 వేలు, మేం బాలిలో ఉన్నా ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో ఉన్నా ఐదో తారీఖున ఠంచనుగా కట్ అయ్యేది, అలా పన్నెండు నెలలు. దానికి ఎక్సెల్‌లో ఒక గడి ఉంది. మిగతావాటికి లేదు.

అన్నిటికంటే పెద్దది ఇన్సూరెన్సు. మా అత్తామామలిద్దరూ మా ఆయన కంపెనీ పాలసీలో ఉండేవాళ్లు, అది ఆయన చివరి పనిరోజుతో ఆగిపోయింది. వెళ్లేముందు హడావుడిగా 52 వేలు కట్టి వాళ్లకి వేరే పాలసీ తీసుకున్నాం, హమ్మయ్య అనుకున్నాం. ఏప్రిల్‌లో మేం థాయ్‌లాండ్‌లో ఉండగా అత్తమ్మకి కడుపునొప్పి, స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. కొత్త పాలసీల్లో ఇలాంటి కొన్ని జబ్బులకి మామూలుగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే ఆలోపు వాటికి డబ్బు ఇవ్వరు, మాదాంట్లోనూ ఉంది, మేం చదవలేదు. లక్షా నలభై వేలు చేతి నుంచి పెట్టుకున్నాం. తర్వాత తెలిసిందేంటంటే కంపెనీ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్సు సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, అలా మారితే అప్పటిదాకా ఉన్న కాలాన్ని వెయిటింగ్‌లో లెక్కలోకి తీసుకుంటారు. ఇది చివరి రోజుకి ముందే అడగాలి. రాజీనామా చేశాక హెచ్ఆర్ వాళ్లు పంపే పదిహేను మెయిళ్లలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు, మీరే వెంటపడాలి.

డబ్బు సంగతి అలా ఉంచండి. మా ఆయన బ్యాంకాక్ నుంచి ఆ రాత్రికి రాత్రే బెంగళూరు వచ్చి అక్కడి నుంచి మదనపల్లె వెళ్లాడు, టికెట్లకే 38 వేలు అయింది. నేను చియాంగ్ మైలో పన్నెండు రోజులు ఒక్కదాన్నే ఉండిపోయా. ఏప్రిల్‌లో అక్కడ అడవులూ పొలాలూ తగలబడే పొగ, ఎదురుగా ఉన్న కొండ కూడా కనపడదు. ఫోన్ చేసిన చుట్టాల్లో సగం మంది అత్తమ్మకి ఎలా ఉందని అడగలేదు, "మొగుడిక్కడ, నువ్వక్కడ, ఏందమ్మా ఇది?" అని అడిగారు. ఆ పన్నెండు రోజులూ మంచిగా నిద్రపోయిన గుర్తు లేదు.

ఇంక వీసాలు. మన పాస్‌పోర్టుతో ఆగ్నేయాసియా పెద్ద కష్టం కాదు. మేం వెళ్లేటప్పటికి వియత్నాం ఈ-వీసాని 90 రోజులకి పెంచారు, థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి, మలేషియా అదే ఏడు డిసెంబరు నుంచి మనవాళ్లకి అప్పట్లో 30 రోజులు వీసా లేకుండా రానిచ్చేవి, ఇండోనేషియాకి దిగాక వాళ్ల రూపియాల్లో ఐదు లక్షలు కడితే నెల రోజులు ఇస్తారు. ఇవన్నీ మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఆ దేశపు సొంత సైట్‌లో చూసుకోండి. అసలు చిక్కు యూరప్‌తో. షెంజెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) సాధారణంగా మీరు నివసించే దేశం నుంచే దరఖాస్తు పెట్టాలి, బాలిలో టూరిస్టుగా కూర్చుని పెట్టడానికి కుదరదు. అంటే "ఒక్కసారి వెళ్తే ఏడాదికే తిరిగి రావడం" అన్నది మన పాస్‌పోర్టుకి వీడియోల్లో చూసినంత తేలిక కాదు. మేం జూన్‌లో వెనక్కి వచ్చి పెట్టాం. ఆ నెల 11 నుంచే ఫీజు 80 యూరోల నుంచి 90కి పెరిగింది, మా అదృష్టం అలాంటిది. వాళ్లు అడిగే కాగితాల్లో మొదటివే మూడు నెలల పేస్లిప్పులు, కంపెనీ ఇచ్చే సెలవు లెటరు. మా దగ్గర రెండూ లేవు. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టి, ఉద్యోగాలు మానేశాం, తిరుగుతున్నాం అని కవరింగ్ లెటర్‌లో ఉన్నదున్నట్టు రాశాం. ఉద్యోగం లేదు, అద్దె ఇల్లు ఖాళీ చేశారు, పిల్లలు లేరు, తిరిగి వెళ్తారని నమ్మకం ఏంటి అన్న అర్థంలో తిరస్కరించారు. కోపం వచ్చింది కానీ వాళ్ల వైపు కూర్చుని చూస్తే నేనైనా అదే అనుమానపడతా. ఫీజు తిరిగి ఇవ్వరు. యూరప్ మీ లిస్టులో పైన ఉంటే ఉద్యోగాల్లో ఉండగానే సెలవు పెట్టి చూసేసి రండి, ఆ తర్వాత మిగతా దేశాలకి రాజీనామా సంగతి ఆలోచించొచ్చు.

యూరప్ బదులు ఆగస్టులో కజకిస్తాన్ (14 రోజులకి వీసా అక్కర్లేదు), ఉజ్బెకిస్తాన్ (ఈ-వీసా) వెళ్లాం, మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చినవి అవే. తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారి విగ్రహం ముందు నిలబడితే స్కూల్లో చదివిన 1966, ఆయన అక్కడే చనిపోయిన సంగతి, ఒక్కసారి ఎదురుగా వచ్చినట్టుంది. సరే, అది వేరే కథ.

బండి గురించి ఒక్క మాట, ఎందుకంటే ప్రతి జంటా వియత్నాంలో స్కూటర్ అద్దెకి తీసుకుంటారు. ఆర్టీఓలో వెయ్యి రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాం, ధైర్యంగా తిరిగాం. మన దగ్గర ఇచ్చేది 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్, వియత్నాంలో చెల్లేది 1968 ఒప్పందానిది, అంటే మాది అక్కడ చెల్లదు. దలాత్ ఘాట్ రోడ్డులో మా ఆయన జారిపడ్డాడు, మోకాలికి ఆరు కుట్లు. బిల్లు ముప్పై రెండు లక్షలు అనేసరికి నా గుండె ఆగినంత పనైంది, డాంగ్‌లలో అని గుర్తొచ్చాక ఊపిరాడింది, మన డబ్బుల్లో పదిన్నర వేలు. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపారు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు పైసా ఇవ్వలేదు. పది వేలతో పోయింది, కాలు విరిగి ఉంటే?

డబ్బు పంపకాల్లో మాకు పెద్ద ఇబ్బంది రాలేదు. అప్పట్లో ఒక ఆర్థిక సంవత్సరంలో ఏడు లక్షలు దాటి విదేశాలకి పంపితే, ఫారెక్స్ కార్డులో వేసుకున్నా సరే, దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పట్టేవాళ్లు, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి పది లక్షలైంది. అది మనిషికి ఇంత అని కాబట్టి ఇద్దరి పేర్లా చెరో కార్డు తీసుకోండి. పట్టినా రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ ఆలోపు చేతిలో డబ్బు ఉండదు కదా. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ ఇక్కడే ఆన్ చేసుకుని, రీఛార్జ్ ఆగకుండా చూసుకోండి. వియత్నాంలోని హోయ్ ఆన్‌లో గది డబ్బు కట్టబోతే ఓటీపీ రాక గంటసేపు ఆ రిసెప్షన్ పిల్ల ముందు నవ్వుతూ నిలబడ్డాం.

గ్రాట్యుటీ. నాకు నాలుగేళ్ల ఐదు నెలల సర్వీసు ఉండగా మానేశా. ఇంకో ఏడు నెలలు ఆగి ఐదేళ్లు నిండి ఉంటే లక్షా ముప్పై వేల దాకా వచ్చేది, అంటే వియత్నాంలో నెల పైగా గడిచిపోయేది. మీ ఇద్దరి చేరిన తేదీలు ఒకసారి చూసుకోండి, నాలాగా ఉత్సాహంలో మర్చిపోకండి. పీఎఫ్ తీయకండి, ఐదేళ్లు నిండకపోతే పన్ను కూడా పడుతుంది.

ఇద్దరి మధ్య ఎలా ఉంటుందని మీరు అడగలేదు, అయినా చెప్తా. బెంగళూరులో మేం ఒకరినొకరు చూసుకునేది రోజుకి రెండు గంటలు, మిగతాదంతా రింగ్ రోడ్డు ట్రాఫిక్ తినేసేది, అందుకే గొడవలు కూడా తక్కువని అక్కడికెళ్లాకే అర్థమైంది. ఒకే గదిలో ఇరవై నాలుగ్గంటలు. ఆయన ఐదింటికి లేచి సూర్యోదయం అంటాడు, నాకు తొమ్మిదికి గానీ తెల్లారదు. మూడో వారంలో, ఆవకాయ సీసా ఎవరు సరిగ్గా మూత పెట్టలేదన్న దాని మీద (బ్యాగులో సగం బట్టలు నూనె) ఒక రోజంతా మాట్లాడుకోలేదు. తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాం: వారంలో ఒక రోజు ఎవరి దారి వారిది, రాత్రి భోజనానికే కలవడం. పెళ్లయిన నాలుగేళ్లలో ఆయన నాకు రోజూ ఏం జరిగిందో కథలా చెప్పింది ఆ బుధవారాల్లోనే. ఇప్పుడు బెంగళూరులో మళ్లీ మొదటికొచ్చింది, అది వేరే సంగతి.

తిరిగొచ్చాక ఇల్లు, ఉద్యోగం. పాత ఇంటి అడ్వాన్సులో ఓనరు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసుకున్నాడు, మిగతాది ఇవ్వడానికి రెండు నెలలు తిప్పాడు. సెప్టెంబరు మధ్యలో వచ్చాం, ఆయనకి డిసెంబరులో ఉద్యోగం దొరికింది, నాకు జనవరి చివర్లో, అదీ పాత జీతం కంటే కొంచెం తక్కువకే. ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి ఆయన్ని అడిగినవాళ్లు "వావ్, ఏయే దేశాలు?" అన్నారు, నన్ను అడిగినవాళ్లు "ఫ్యామిలీ ప్లానింగ్ ఏమైనా ఉందా?" అన్నారు. మీ ఆవిడకి ఈ తేడా ముందే చెప్పి ఉంచండి.

అసలు మానేయడం తప్పనిసరా అని మమ్మల్ని మేం ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు, ఇప్పుడు నవ్వొస్తుంది. కొచ్చిలో టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల గురించి వినే ఉంటారు. రోజుకి మూడు వందలు పక్కన పెట్టి, చాలనిది అప్పు తెచ్చి ఒక ప్రయాణం చేసేవాళ్లు, తిరిగొచ్చి కొట్టు తెరిచి ఆ అప్పు తీర్చి మళ్లీ బయల్దేరేవాళ్లు. 2021 నవంబరులో ఆయన చనిపోయేనాటికి 26 దేశాలు చూశారు, కొట్టు మాత్రం మూసేయలేదు. అంతెందుకు, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన మన ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలల పైన తిరిగారు, ఆయన కూడా తను పనిచేసే అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు దొరల దగ్గర సెలవు తీసుకునే వెళ్లారు! దాదాపు రెండు వందల ఏళ్ల కింద దొరలు ఇచ్చారు, మీ మేనేజరు మూడు నెలలు ఇవ్వడేమో, కానీ అడిగితే పోయేదేముంది. జీతం లేని సెలవైనా సరే, ఇద్దరిలో ఒక్కరికి దొరికినా మీ పెద్దవాళ్ల ఇన్సూరెన్సు బతికి ఉంటుందేమో కనుక్కోండి, వీసాకి లెటరు ఉంటుంది.

అది కుదరకపోతే మీ 25లో పది లక్షలు ముట్టుకోకుండా ఇక్కడి ఖర్చులకని వేరే ఖాతాలో పడేయండి, మిగతా పదిహేనుతో ఎన్నాళ్లు గడిస్తే అన్నాళ్లు తిరగండి. ఏడాదే కావాలని పట్టుపట్టకండి, నాలుగో నెల తర్వాత నాకైతే గుళ్లన్నీ ఒకేలా కనిపించాయి. అమ్మానాన్నలకి అత్యవసరమైతే ముందు ఎవరు పరిగెత్తాలో ఊళ్లో ఒక మనిషికి చెప్పి, వాళ్ల దగ్గర కొంత డబ్బు కూడా ఉంచి వెళ్లండి. మాకు అలా పరిగెత్తింది మా మరిది, అప్పుడు వాడి దగ్గర డబ్బుల్లేక పక్కింట్లో చేబదులు తెచ్చాడు, ఆ మాట మాకు రెండు నెలల తర్వాత గానీ చెప్పలేదు.

వెళ్లేముందు "ఉన్న ఉద్యోగాలు ఇడిచిపెట్టి యాడికి పోతారమ్మా?" అని ఏడ్చింది మా అత్తమ్మ. సమర్‌ఖండ్ నుంచి ఒక రొట్టె తెచ్చా, గుండ్రంగా, మధ్యలో పువ్వు ముద్ర వేసి ఉంటుంది, చాలా రోజులు పాడవదు. ఇంటికొచ్చేసరికి రాయిలా అయింది. ఆమె దాన్ని ముక్కలు చేసి పప్పుచారులో నానబెట్టుకుని తింటూ, ఆ ఊరికి పోవడానికి ఎంత అవుతుందని అడిగింది.