పడమట వెలిగేది శుక్రుడే కావచ్చు

రోజూ సాయంత్రం పడమట కదలకుండా ఏదో వెలుగుతోందని, పిల్లలు భయపడుతున్నారని రాశారు కదా. టెన్షన్ పడకండి, అది శుక్రుడే అనిపిస్తోంది.

లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర 2012-13లో మన సైనికులు ఇలాంటి వెలుగులనే చైనా డ్రోన్లు అనుకుని నెలల తరబడి నమోదు చేశారు. భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. సైనికులను తప్పుపట్టలేం. అంత ఎత్తులో గాలి పలుచన, గ్రహాలు మరీ ప్రకాశంగా కనిపిస్తాయి.

మీరు డాబా మీద ఒకేచోట నిలబడి, ఆ వెలుగును వాటర్ ట్యాంకు అంచుకు ఆనించినట్టు చూడండి. కొబ్బరాకు వద్దు, గాలికి ఊగుతుంది. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే అది పక్క చుక్కలతో పాటే కాస్త కిందికి దిగి ఉంటుంది. గంటకు దాదాపు 15 డిగ్రీలు దిగుతుంది. అలా చుక్కలతో పాటే దిగితే అది డ్రోన్ కాదు, గ్రహమో చుక్కో అన్నమాట. అర్ధరాత్రి దాటాకా ఉంటే మాత్రం శుక్రుడు కాదు, గురుడు కావచ్చు. పిల్లలనూ పక్కన నిలబెట్టుకుని చూపించండి.