టెక్ సందేహాలు: ఏసీ గ్యాస్ ఏటా ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: మాది 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్32 గ్యాస్. కొని మూడేళ్లయింది. మార్చి వచ్చేసరికి కూలింగ్ తగ్గిపోతోంది. మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయిందని చెప్పి నింపి వెళ్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు నింపించాం. అసలు ఎన్నాళ్లకోసారి నింపించాలి? - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లీకు లేకపోతే ఎన్నడూ నింపించనక్కర్లేదండీ. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడినకొద్దీ తరిగిపోదు. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఒకచోట ద్రవంగా, ఇంకోచోట ఆవిరిగా మారుతూ తిరుగుతుంటుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది కదా, దానికి ఏటా గ్యాస్ పట్టిస్తున్నారా? ఏసీలో తగ్గిందంటే ఎక్కడి నుంచో కారిపోతోందనే అర్థం. ఆ లీకు పట్టుకోకుండా నింపించుకుంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఈసారి అలా నింపించకండి.

అయితే ముందు, నిజంగా తగ్గింది గ్యాసేనా అని చూసుకోండి. ఫిల్టర్ మట్టికొట్టుకుపోయినా, ఇండోర్ కాయిల్ మీద దుమ్ము పేరుకున్నా కూలింగ్ తగ్గుతుంది. కాయిల్ మీద ఐసు కూడా కడుతుంది. దాన్ని చూసి గ్యాస్ లేదని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. సర్వీసింగ్ చేయించాక కూడా చల్లబడకపోతే, ఏసీ ఆపి, అవుట్‌డోర్ యూనిట్‌కు రాగి పైపులు కలిసేచోట ఇత్తడి నట్లను గమనించండి. అక్కడ జిడ్డుగా తడి, దానికి పట్టిన నల్లటి దుమ్ము కనిపిస్తే, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తోందని అనుమానించాలి.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. వరుసగా రెండు వేసవులు గ్యాస్ నింపించాను. మూడో ఏడు వచ్చిన మెకానిక్ సబ్బు నురగను స్పాంజితో ఆ ఇత్తడి నట్టు (ఫ్లేర్ నట్) మీద రాసి, కాసేపు ఆగమన్నారు. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత నట్టు అంచున ఆవగింజంత బుడగ లేచింది. మెల్లగా శనగగింజంత అయి పగిలింది. అక్కడే ఇంకోటి లేచింది. ఏసీ బిగించిన రోజున పైపు కొసను గరాటులా సరిగా వెడల్పు చేయకుండానే (దీన్నే ఫ్లేరింగ్ అంటారు) నట్టు బిగించేశారట. ఆయన ఆ కొస కోసేసి, కొత్తగా ఫ్లేర్ చేసి, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచ్‌తో బిగించారు. ఆ తర్వాత మళ్లీ గ్యాస్ అవసరం పడలేదు.

ఇక పని జరిగే వరుస చెబుతాను. మీరు రిపేరు చేయాలని కాదు, ఎదురుగా ఉండి చూసుకోవాలని. లోపల మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదిలేయకుండా రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి తీయాలి. కిలో ఆర్32 గాల్లో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి చేరుతుంది. తర్వాత పొడి నైట్రోజన్ ఎక్కించి లీకు చూడాలి. ఈ ఏసీలకు సాధారణంగా 300 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే ప్రెషర్ కొలతే) పైనే ఎక్కిస్తారు, కంపెనీ ఇచ్చిన పరిమితి మాత్రం దాటకూడదు. ప్రెషర్ అలాగే నిలబడితే లీకు లేనట్టు. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే 300లో ఓ పది తగ్గడం మామూలే, దానికి కంగారు పడొద్దు. నైట్రోజన్ బదులు ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మాత్రం అక్కడికక్కడే ఆపించేయండి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది, ప్రాణాలు పోతాయి.

లీకు సరిచేశాక వాక్యూమ్, అంటే పంపుతో గొట్టాలను పూర్తిగా ఖాళీ చేయడం. తొందరలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మెట్టునే. పంపు పెడితే గొట్టాల్లోని గాలి పోతుంది, కానీ అసలు శత్రువు తేమ. ఆర్32 ఏసీల్లో వాడే ఆయిల్‌కు తేమ కలిస్తే యాసిడ్ తయారై కంప్రెసర్‌ను లోపల్నుంచి తినేస్తుంది. ఇంత తక్కువ ప్రెషర్‌ను మైక్రాన్లలో కొలుస్తారు. బయటి గాలి ప్రెషర్ 7,60,000 మైక్రాన్లు. అది 24 వేల దాకా దిగితే నీళ్లు 25 డిగ్రీల వద్దే మరిగి ఆవిరవుతాయి. మామూలు గేజ్‌లో అప్పటికే ముల్లు 29 అంగుళాల దగ్గర ఉంటుంది. ముల్లు 30కి వచ్చేసింది, చాలు అని పంపు ఆపేస్తారు చూడండి, నిజానికి తేమ బయటికి రావడం అప్పుడప్పుడే మొదలైంది. 500 మైక్రాన్ల కిందికి దిగాలి. అది చూపించేది మైక్రాన్ గేజ్ ఒక్కటే. పంపు ఆపి, వాల్వు మూసి, పది పదిహేను నిమిషాలు చూడాలి. రీడింగ్ కొంత పెరిగి ఆగిపోతే తేమ మిగిలింది, ఆగకుండా పెరుగుతూ పోతే లీకు ఇంకా ఉంది.

పంపు తేలేదు, గ్యాస్‌తోనే గాలి తోసేస్తాను అంటే ఒప్పుకోకండి. ఆర్32కు మండే గుణం ఉంది, పైగా తేమ లోపలే ఉండిపోతుంది.

చివరగా గ్యాస్‌ను తూకం వేసే ఎక్కించాలి. అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. పైపు మామూలు కంటే పొడవైతే మీటరుకు ఎంత కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి గేజ్ చూసి అందాజుగా నింపితే లెక్క తప్పుతుంది. సిలిండర్ కింద డిజిటల్ కాటా ఉందో లేదో చూడండి.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌కు దగ్గర. ఇండోర్ కాయిల్‌లో లీకు ఉందన్నారు. బ్రేజింగ్ చేయించాలా, కాయిల్ మార్చాలా? - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చిల్లు ఒక్కటే అయి, చేతికి అందేచోట ఉంటే బ్రేజింగ్ (వేరే లోహాన్ని కరిగించి అతకడం) చాలు. లోపల నల్లటి పొక్కులు కట్టకుండా బ్రేజింగ్ జరుగుతున్నంతసేపూ గొట్టంలో నైట్రోజన్ సన్నగా పారిస్తున్నారో లేదో చూడండి. కాయిల్ అంతా తుప్పు మచ్చలు ఉంటే మాత్రం ఒకటి మూస్తే ఇంకోచోట తెరుచుకుంటుంది, కాయిల్ మార్చించడమే మేలు. ఉప్పుగాలి ముందు తినేది అవుట్‌డోర్ యూనిట్‌ను. నెలకోసారి కరెంటు ఆపేసి, దాని ఫిన్లను (కాయిల్ మీది పల్చటి రేకులను) మంచినీళ్లతో మెల్లగా కడగండి.

ప్రశ్న: పాత ఆర్22 ఏసీలో ఆర్32 నింపొచ్చా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. ఏసీ ఆగి ఉన్నప్పుడు 30 డిగ్రీల దగ్గర ఆర్22 ప్రెషర్ సుమారు 160 పీఎస్‌ఐ, ఆర్32ది 265. పాత గొట్టాలు, కంప్రెసర్ ఆ ప్రెషర్‌కు చేసినవి కావు, అందులోని ఆయిల్ కూడా ఆర్32తో సరిగా కలవదు. ఇక ఆర్22ను మన దేశం 2030 కల్లా దాదాపు ఆపేయాల్సి ఉంది. ఇప్పుడు లీకు చిన్నదైతే బాగుచేయించి ఆర్22నే ఎక్కించుకోండి. కంప్రెసరే పోతే దాని మీద డబ్బు పెట్టొద్దు, కొత్త ఏసీ తీసుకోండి.